పీటల మీద కూర్చున్నవారు

నేను ఉద్యోగమంతా శాసనసభ సచివాలయంలోనే చేశాను. కింది గుమాస్తాగా చేరి సంయుక్త కార్యదర్శిగా పదవీ విరమణ చేశాను. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటుంది. ఆ రోజు ఎండో వానో, ఎవరెవరు కలిశారు, ఏం పని జరిగింది, అంతవరకే రాస్తాను. ఎలా అనిపించిందో రాయను. అందువల్ల ఈ సంగతి రాయడానికి డైరీలు ముందేసుకుంటే జరిగినవన్నీ దొరికాయి కానీ, అప్పుడు నాకేమనిపించిందో ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోయినా పెద్దగా ఏమీ రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. పేర్లు రాయను.

రిటైరై ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాటులో ఉంటుండగా సచివాలయం నుంచి పిలుపు వచ్చింది. శాసనసభ్యుల నడవడిక మీద ఫిర్యాదులొస్తే వాటిని సభ్యుల కమిటీయే విచారించేది. ఆ కమిటీకి కాగితాలు అమర్చే పని చాలాకాలం నేనే చూశాను. ఈయన మీద ఫిర్యాదు వస్తే పక్క కుర్చీలో కూర్చునే ఆయన విచారించాలి, రేపు ఆయన మీద వస్తే ఈయన. టీలు, బిస్కట్లు అయ్యాక ‘ఫిర్యాదులో పస లేదు’ అని నేనే టైపు చేయించేవాణ్ణి. దీని మీద బయట బాగా విమర్శ రావడంతో, ఆ సభ కాలపరిమితి ఉన్నంతవరకు పనిచేసేలా బయటివాళ్ళతో ఒక పరిశీలన సంఘం వేశారు. హైకోర్టులో జడ్జిగా చేసిన ఒక పెద్దావిడ అధ్యక్షురాలు. పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన సభ్యుడు. కాగితాలకు నేను.

మాకు శిక్షించే అధికారం లేదు. ఫిర్యాదు విచారించి స్పీకర్ గారికి నివేదిక ఇవ్వాలి. ఆయన దాన్ని సభ ముందు పెట్టించాలి. సభ ముందుకు వచ్చేదాకా అందులోని ఒక్క మాట కూడా బయటికి చెప్పకూడదు. చెబితే అది సభా హక్కుల ఉల్లంఘన. ఇది పాత నిబంధనే. కింది ఉద్యోగులకు నేను ఎన్నోసార్లు చెప్పి నేర్పిందే.

శాసనసభ ఆవరణలో మాకు గది దొరకలేదు. “దొరక్కపోవడమే నయం. వాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ సంగతి ఏం చూస్తాం?” అన్నారు జడ్జి గారు. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, షేక్‌పేట వైపు దిగే సందులో ఒక పాత మేడ కింది భాగం అద్దెకు తీసుకున్నాం. పై అంతస్తూ వరండా ఇంటాయన షూటింగులకు ఇస్తాడని ఒప్పందం మీద సంతకాలయ్యాక తెలిసింది. కొన్ని ఉదయాలు మేం వెళ్ళేసరికి గేటు ముందు జనరేటర్ వ్యాను ఉండేది, మా బోర్డు మీద ‘సర్పంచ్ నివాసం’ అన్న బోర్డు కట్టి ఉండేది. సాయంత్రం విప్పేసేవాళ్ళు. ప్రొఫెసర్ గారు మొదట్లో గొడవపడ్డారు. తర్వాత వాళ్ళ టిఫిన్ బాగుంటుందని ఊరుకున్నారు.

మాకు వచ్చిన వాటిలో విచారణ దాకా వెళ్ళిన ఫిర్యాదు ఒక్కటే. అది ఇచ్చినావిడ కృష్ణానగర్‌లో ఉండే డబ్బింగ్ కళాకారిణి. నడివయసు మనిషి. సినిమాల్లో, సీరియళ్ళలో అమ్మలకు, అత్తగార్లకు గొంతు ఇస్తుంది. మైకు ముందు కోస్తా భాష పలుకుతుంది, బయటికి వస్తే తన భాష మాట్లాడుతుంది.

ఆవిడ మొదటిసారి వచ్చిన రోజు వరండాలో షూటింగ్ ఉంది. నేను లోపల ఉన్నాను. ఖద్దరు చొక్కా, భుజాన కండువాతో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే, ఆయనే సంఘం పెద్ద అనుకుని ఆవిడ తన సంగతంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో “అయ్యో, మల్ల?” అన్నాడు. చివర్లో “ఫికర్ చెయ్యకమ్మా, న్యాయం జరుగుతది” అన్నాడు. అప్పుడు పైనుంచి ఎవరో “ఎమ్మెల్యే వేషాలన్నీ పైకి రావాలి, షాట్ రెడీ!” అని కేకేశారు. ఆయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

ఆవిడ లోపలికి వచ్చి నా ముందు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “చూసిండ్రా సార్ నా తెలివి? ఎమ్మెల్యే మీద ఫిర్యాదు తెచ్చి ఎమ్మెల్యే వేషానికే చెప్పుకున్న. ఇన్నేండ్లు ఈ ఫీల్డుల ఉన్న. చీకటి గదిల నిలబడి గొంతులు ఇనుడే తప్ప మొహాలు నాకెర్కలేవు.”

మధ్యాహ్నం ఆ వేషగాడు కనిపిస్తే, ఎందుకు ఆపలేదని అడిగాను. “సినిమాల నాకు ఊకొట్టుడే పని సార్. అలవాటుల ఊకొట్టిన. కానీ ఆమె చెప్పింది నిజమే అనిపించింది నాకైతే” అన్నాడు.

ఆవిడ ఫిర్యాదు ఇది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో ఇళ్ళ మధ్య నడిచే చిన్న చిన్న డబ్బింగ్ థియేటర్ల వల్ల జనానికి నిద్ర ఉండడం లేదని, వాటిని మూసేయించాలని ఒక శాసనసభ్యుడు సభలో గట్టిగా మాట్లాడాడు. అధికారులు వచ్చి కొన్నింటికి తాళాలు వేశారు. ఆవిడ పనిచేసేది కూడా మూతపడింది. కొద్దికాలానికే జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద రికార్డింగ్ స్టూడియో తెరిచారు. పని అంతా అక్కడికి వెళ్ళింది. ఆ స్టూడియో సభ్యుడిదే అని ఆవిడ అంటుంది. తనకు లాభం ఉన్న విషయం మీద మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందు సభకు చెప్పి మాట్లాడాలన్నది నియమం. ఆయన చెప్పలేదు. కాగితాల్లో స్టూడియో ఆయన భార్య వైపు దూరపు బంధువు ఒకరి పేరున ఉంది.

“మరి ఆయనదే అని మీకెలా తెలుసమ్మా?” అని అడిగాను.

“ఓపెనింగ్ పూజల పీటల మీద కూసున్నది ఆయన, ఆయన పెండ్లాం. నేను గాడ ఉన్న సార్. మా డబ్బింగోళ్ళందర్ని పిలిచిండ్రు.”

విచారణ రోజున ఆ శాసనసభ్యుడు చెప్పిన సమయానికి వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. అందరికీ నమస్కారం పెట్టాడు, ప్రొఫెసర్ గారి మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు, తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

“ఏం చెల్లె, మంచిగున్నవా?”

“ఉన్న అన్నా.”

“నీకు పని కావాలంటే నన్నడగాలె గాని, గింత దూరం పోతరా?”

జడ్జి గారు విషయానికి రమ్మన్నారు. ఆయన నవ్వుతూనే చెప్పాడు. “అమ్మా, పూజకు పిలిస్తే పోయిన. దండేస్తే వేయించుకుంట, కొబ్బరికాయ ఇస్తే కొడ్త, కత్తెర ఇస్తే రిబ్బన్ కట్ చేస్త. దినాం ఏదో ఒకటి ఓపెనింగ్. అన్నీ నావే అయితయా?”

“కొబ్బరికాయ కొట్టడం వేరండీ. పీటల మీద మీరూ మీ భార్యా కూర్చున్నారా?”

“పెద్దమనిషివి, కూసో అన్నరు. కూసున్నం.”

ఆవిడ ఉండబట్టలేక అడిగింది. “మరి గోత్రం సంగతేందన్నా?”

“ఏం గోత్రం?”

“సంకల్పంల అయ్యగారు మీ గోత్రం చదివిండు. వదినె పేరు చదివిండు, పిల్లల పేర్లు చదివిండు. ఓపెనింగ్‌కు పోయినోళ్ళందరి గోత్రాలు చదువుతరా?”

“గంత మైకు సప్పుడుల నీకేం ఇనొచ్చిందో ఏమో.”

“ఇనుడే కదన్నా నా పని” అంది. ఆవిడ ఎగతాళిగా అనలేదు. ఆయన మొదటిసారి నవ్వడం ఆపి నా వైపు చూశాడు, నేనేదో రాసుకుంటున్నానేమోనని. నేను రాసుకుంటూనే ఉన్నాను.

పూజ చేయించిన పురోహితుణ్ణి పిలిపించాం. జూబ్లీహిల్స్‌లోని ఒక గుళ్ళో ఉంటాడు, కోస్తా నుంచి వచ్చినవాడు. సభ్యుడు లేనప్పుడే విచారిస్తామని మాట తీసుకుని వచ్చాడు. “నాకు మొహాలు గుర్తుండవండీ” అన్నాడు రాగానే.

“గోత్రాలు?” అన్నారు జడ్జి గారు.

“గోత్రాలు ఎందుకు మర్చిపోతానండీ, అదేగా మా బతుకు” అని, ఆ రోజు చదివిన గోత్రం చెప్పాడు. సభ్యుడు తన గోత్రమని విచారణలో రాయించింది అదే. అతిథిగా వచ్చినవారి గోత్రం సంకల్పంలో చెప్పడం ఉంటుందా అని ప్రొఫెసర్ గారు అడిగారు. “ఎలా ఉంటుందండీ? కర్తది చెప్పాలి. ఇల్లు కట్టుకున్నవాడో, కొట్టు పెట్టుకున్నవాడో, వాడు కర్త. ఇంకొకళ్ళ గోత్రం చెబితే ఫలం వాళ్ళకి పోదూ? డబ్బులు పెట్టినవాళ్ళు ఊరుకుంటారా, నా పిలక పట్టుకోరూ?” అన్నాడు. కాస్త ఆగి, “చుట్టుపక్కల గృహప్రవేశాలన్నీ నాకే చెబుతారు. నన్నిందులో ఎక్కువ తిప్పకండమ్మా” అన్నాడు. కాగితం మీద సంతకం మాత్రం పెట్టాడు.

మేం ముగ్గురం నివేదిక రాసి, ఒకే అభిప్రాయంతో సంతకాలు చేసి స్పీకర్ గారి కార్యాలయంలో ఇచ్చాం. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఆ నివేదిక ఈ రోజుకీ సభ ముందుకు రాలేదు.

ఈలోగా డబ్బింగ్ కళాకారుల సంఘం ఆవిడ కార్డును పక్కన పెట్టింది. కార్డు లేనివాళ్ళను ఏ థియేటర్‌లోనూ మైకు ముందుకు రానివ్వరు. పని ఇచ్చే పెద్దమనిషి మీద అబద్ధపు ఫిర్యాదు చేసి సంఘం పరువు తీసిందన్నది వాళ్ళ మాట. ఆవిడ ఆ నోటీసు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది.

“మా ప్రెసిడెంటు రెండు దార్లు చెప్పిండు సార్. నేను అబద్ధం చెప్పలేదని మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క తెస్తే కార్డు ఇస్తడట. లేకపోతే నేను ఫిర్యాదు వాపస్ తీసుకుని, ఆ కాగితం తేవాలె. అప్పుడైనా ఇస్తడట.”

“నివేదిక సభ ముందుకు వస్తే అందరికీ తెలుస్తుందమ్మా. అప్పటిదాకా నేనేమీ చెప్పకూడదు.”

“ఎప్పుడొస్తది?”

“ఈ సమావేశాల్లో రావాలి.”

“ఒక్క ముక్క సార్. మీరు నోటితో చెప్పొద్దు, రాసియ్యొద్దు. తల ఊపుండ్రి, చాలు. నేను పోయి చెప్పుకుంట.”

తల ఊపడమూ చెప్పడమే అన్నాను. ఆవిడ నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది. “గొంతు మారితే జనం ఒక వారం గుర్తుపడ్తరు సార్. తర్వాత కొత్త గొంతే ఆ మనిషి గొంతు అయిపోతది. నేను మల్ల పోయినా జాగా ఉండదు. గది కిరాయి నడవాలంటే నాకు ఈ గొంతే ఉన్నది” అంది. సమావేశాలు అయ్యేదాకా ఆగుతానని చెప్పి వెళ్ళింది.

మా ఆవిడ రోజూ చూసే సీరియల్లో అత్తగారికి గొంతు ఇచ్చేది ఆవిడేనని నాకప్పటికి తెలియదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది. “ఏమండీ, ఆ అత్తగారి గొంతు మార్చేశారు. కొత్తది పీల గొంతు, తిట్టినా తిట్టినట్టు లేదు.” నేను పప్పు కలుపుకుంటున్నాను. “జలుబు చేసిందేమో” అన్నాను. “జలుబు ఇన్నాళ్ళుంటుందా?” అంది. కారణం నాకప్పుడే తట్టింది కానీ తనకు చెప్పలేదు. చెప్పకూడని విషయాలు ఇంట్లో చెప్పే అలవాటు మాకు మొదటి నుంచీ లేదు.

సమావేశాలు మొదలయ్యాయి. ప్రతి ఉదయం ఆ రోజు కార్యక్రమాల పట్టిక తెప్పించుకుని చూసేవాణ్ణి. సభ ముందు పెట్టే కాగితాల శీర్షిక కింద ఏవేవో సంస్థల వార్షిక నివేదికలు ఉండేవి. మాది ఉండేది కాదు. ఉండబట్టలేక ఒకరోజు సచివాలయానికి వెళ్ళాను. నా దగ్గర పని నేర్చుకున్న అతను ఇప్పుడు నా పాత గదిలో కూర్చుంటున్నాడు. లేచి నిలబడి, నాకు కుర్చీ వేయించి, టీ చెప్పాడు.

“సార్, మీరెందుకు వచ్చారో తెలుసు. ఫైలు పైన ఉంది.”

“పైన అంటే?”

“పైనే సార్. ఇంతకంటే నన్ను అడక్కండి.”

“సభ ముందు పెట్టడానికి గడువేమీ లేదా?”

అతను నవ్వాడు. “మీకు తెలియందేముంది సార్? గడువు ఉండాలని నిబంధనల్లో రాయలేదు కదా. సభ ముందు పెట్టేదాకా కాగితం లేనట్టే లెక్క అని మాకు నేర్పిందే మీరు.”

టీ తాగి వచ్చేశాను. ఆ రోజు డైరీలో ‘ఎండ. సచివాలయానికి వెళ్ళాను. ఫైలు పైన ఉందన్నారు’ అని ఉంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం సభను నిరవధికంగా వాయిదా వేశారు. టీవీలో చూశాను. ఆ సభ్యుడు బయట మైకుల ముందు నిలబడి రైతుల గురించి మాట్లాడుతున్నాడు. బాగానే మాట్లాడాడు. సాయంత్రం జడ్జి గారికి ఫోన్ చేస్తే “చూశాను” అన్నారు. “మళ్ళీ సమావేశాలు ఉండవేమో. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. సభ రద్దయితే మనమూ రద్దే కదా” అన్నారు. అవునన్నాను.

మర్నాడు ఆవిడ వచ్చింది. పైన షూటింగ్ లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. సంచిలోంచి ఒక కాగితం, దాని నకలు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరి చేతనో మంచి దస్తూరీతో రాయించింది. ‘నేను పొరపడి, విన్నది సరిగా అర్థం చేసుకోక, గౌరవ సభ్యుల మీద ఫిర్యాదు చేశాను, దాన్ని బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను’ అని ఉంది. కింద ఆవిడ సంతకం.

“మా ప్రెసిడెంటే రాసిచ్చిండు సార్. నేను సంతకం పెట్టిన.”

“విచారణ అయిపోయి నివేదిక ఇచ్చాక ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదమ్మా. ఇప్పుడు అది మా చేతిలో లేదు.”

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. “అంటే నిజమని రాసియ్యనీకి రాదు. తప్పని వాపస్ తీసుకోనీకి రాదు. మరి నేనేం చెయ్యాలె సార్?” అంది. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

పక్క గదిలోకి వెళ్ళి జడ్జి గారికి ఫోన్ చేశాను. వాళ్ళ సంఘం ప్రెసిడెంటు పెట్టిన షరతు చెప్పి, కాగితంలో ఉన్నది చదివి వినిపించాను. జడ్జి గారు మరోసారి చదవమన్నారు. తర్వాత, “వచ్చిన తపాలా తీసుకోకుండా ఉండలేం కదండీ” అన్నారు.

“తీసుకుని ముద్ర వేయాలి. అంగీకరించినట్టు కాదు, ముట్టినట్టు” అన్నాను.

“వాళ్ళ సంఘానికి ఆ తేడా తెలుస్తుందా?”

“తెలియదు. ముద్ర చూస్తే చాలు వాళ్ళకి.”

“అయితే వేయండి” అన్నారు. “ఈ కాగితం కూడా పైకి పంపాలేమో.”

“పంపాలి. నివేదిక ఉన్న ఫైల్లోనే పెడతారు.”

“పెడితే ఇక ఆ నివేదిక ఎవరూ తియ్యరు.”

“తియ్యరండీ. ఫిర్యాదుదారే తప్పు ఒప్పుకున్నారని రాసి మూసేస్తారు.”

“వేయండి” అన్నారు మళ్ళీ. ఫోన్ పెట్టేశారు.

వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. అసలు కాగితం మీద, నకలు మీద తేదీ ముద్ర వేసి, పక్కన చిన్న సంతకం పెట్టాను. ఏళ్ళ తరబడి చేసిన పని కాబట్టి ముద్ర వంకర లేకుండా పడింది. నకలు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని ఆరేదాకా పట్టుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో కాకుండా జాకెట్టులో దోపుకుంది.

“గిప్పుడే సంఘం ఆఫీసుకు పోత. రేపట్నుంచి పనికి రమ్మంటరు” అంది. “ఏ థియేటర్‌కు రమ్మంటరో తెల్సా సార్? గా జూబ్లీహిల్స్ స్టూడియోకే. ఇంకేం మిగిలినయి గనక.”

ఆవిడ లేచింది, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“సార్, ఒక్కటి అడుగుత. రాసిచ్చుడు గురించి కాదు, మా సంఘం గురించి కాదు. ఉత్తగనే. మీరు నా మాట నమ్మిండ్రా?”

వీధిలో సామాన్ల ఆటో ఒకటి శబ్దం చేసుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగాను.

“ఆ సంగతి నేను చెప్పకూడదమ్మా” అన్నాను.

ఆవిడ తల ఊపింది. నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. “గట్లనే సార్. మీ నౌకరి గట్లాంటిది” అని మెట్లు దిగింది. గేటు దగ్గర కొంగు తల మీదికి లాక్కుని ఎండలోకి వెళ్ళింది. నేను లోపలికి వచ్చి అసలు కాగితాన్ని కవరులో పెట్టి, స్పీకర్ గారి కార్యాలయం చిరునామా రాశాను.